ఆ తెల్లకాయితం మీద సంతకం పెట్టొద్దక్కా

ఏమక్కా, రాత్రి మీ ఇంటి ముందర కారు నిలబడిండె, ఎవురు వచ్చినారు? బావను గుద్దిన పిల్లోని తరపోళ్ళా? నేను అట్లే అనుకుంటి. తెల్లచొక్కాలేసుకోని నలుగురు దిగితే ఇంగెవురై ఉంటారు అని. రోంత ఇట్ల గోడ దగ్గరికి రా. వీధికంతా వినపడేటట్ల మాట్లాడే మాట కాదు ఇది.

ఇరవై వేలు చేతిలో పెడ్తామన్నారా? దానికి నువ్వు తెల్లకాయితం మీద "మేము మేము రాజీ అయిపోయినాము, మాకు కేసు గీసు వద్దు" అని సంతకం చేసియ్యాలంటనా? నువ్వేమంటివి? బావను అడిగి చెప్తామంటివా? మంచి పని చేస్తివి. ఆ కాయితం మీద మాత్రం సంతకం పెట్టొద్దక్కా. బావతో గూడా పెట్టించొద్దు. ఆయప్ప మంచం మీద కాలికి కట్టు కట్టించుకోని పండుకోనుండాడు, ఆ నొప్పిలో ఎవురేం చెప్పినా "సరేలే, పోనీ" అంటాడు. ఆ టైం చూసే వచ్చినారు వాళ్ళు.

మా అన్న హిందూపురం కోర్టులో ఒక లాయరు సారు తావ గుమాస్తా పని చేస్తాడని నీకు తెలుసు గదా. పండగకు వచ్చినప్పుడల్లా ఈ యాక్సిడెంటు కేసుల మాటే చెప్తాడు. ఇన్సూరెన్సు ఉండే బండి గుద్దితే కేసు కోర్టులో నడుస్తుంది, లేటైనా దుడ్లు వస్తాయి. ఇన్సూరెన్సు లేని బండి గుద్దిన కేసు మాత్రం కోర్టు దాకా రానే రాదంట. మొదటి వారంలోనే, స్టేషను ఎదురుగా ఉండే టీ అంగట్లో ముగిసిపోతుందంట. కుటుంబమేమో "ఆ బండికి ఇన్సూరెన్సు లేదంట, ఇంగ మనకు ఏమొస్తుంది" అని దిగులుపడి, ఇచ్చింది తీసుకోని ఇంటికి పోతాదంట. ఆ దిగులు తప్పక్కా. దారి ఉండాది. ఆ దారి మూసుకుపోయేది మాత్రం మనం పెట్టే సంతకంతోనే.

ఆ బండి నంబరు మా పిల్లోడు ఎం-పరివాహన్ యాప్‌లో వేసి చూసినాడు. కేఏ 40 అంటే చిక్కబళ్ళాపురం జిల్లా రిజిస్ట్రేషను. 2019లో కొన్నది. ఇన్సూరెన్సు 2024లోనే అయిపోయింది. ఎట్లంటే, 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలరు కొంటే ఐదేండ్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు షోరూములోనే కట్టించుకుంటారు, సుప్రీంకోర్టు చెప్పిందని. ఆ ఐదేండ్లు ఎవురికీ గుర్తు రాదు. ఐదేండ్లు దాటినాక గుర్తు చేసేవాళ్ళూ ఉండరు, కట్టేవాళ్ళూ ఉండరు. అందుకే బండ్లు పాతబడేకొద్దీ ఇన్సూరెన్సు లేనివి ఎక్కువైపోతాండాయి. మన దేశంలో రోడ్డెక్కే బండ్లలో సగానికి పైగా ఇన్సూరెన్సు లేనివేనని పార్లమెంటు కమిటీయే చెప్పింది. కట్టాల్సింది ఎంతనుకుంటివి? మామూలు నూరు, నూట ఇరవై ఐదు సీసీ బండికి థర్డ్ పార్టీ 714 రూపాయలు. దాని మీద జీఎస్టీ కలిపితే 850 లోపలే. ఏడాదికంతా కలిపి అంతే! అది కట్టక, ఈ పొద్దు బావకు ఈ తిప్పలు, ఆ పిల్లోని బతుకు అట్లయిపోయింది.

మా పిల్లోడు చూసిన ఆ స్క్రీను, తేదీ టైముతో సహా ఫోటో తీసి పెట్టుకున్నాడు. నువ్వూ నీ ఫోనులోకి పంపించుకో. ఎందుకంటే కొందరు యాక్సిడెంటు అయిన రోజు సాయంత్రమే పోయి కొత్త పాలసీ తీసుకుంటారంట, ముందే ఉన్నట్ల చూపించనీకె. పాలసీ కాయితం మీద యా టైము నుంచి మొదలైందో రాసుంటుంది. ఆ టైముకు ముందు జరిగినదానికి కంపెనీ ఒక్క రూపాయి గూడా ఇయ్యదు. మనం వాళ్ళ మాట నమ్మి ఇన్సూరెన్సు కంపెనీ వెనక తిరుగుతాంటే, అసలు ఇయ్యాల్సినోళ్ళు చల్లగా జారుకుంటారు.

ఇంగ అసలు సంగతి విను. ఇన్సూరెన్సు లేకపోతే పరిహారం ఇయ్యాల్సిన బాధ్యత ఎగిరిపోదు. ఇన్సూరెన్సు కంపెనీ అనేది బండి ఓనరు బదులు కట్టేది మాత్రమే. అది లేకపోతే ఓనరే కట్టాల, నడిపినోడూ కట్టాల. ఆ పిల్లోడు "నేను గౌరీబిదనూరులో ఒకాయన తావ సెకండ్ హ్యాండులో కొన్నా, ఆర్సీ ఇంకా మార్పించలేదు" అన్నాడంట గదా స్టేషనులో. ఆ మాటే మనకు పట్టు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: ఆర్సీలో ఎవురి పేరుంటే వాళ్ళే ఓనరు, బండి ఎన్ని చేతులు మారినా సరే, పరిహారం కట్టాల్సింది ఆయప్పే అని. అమ్మేసి దుడ్లు తీసుకున్నా, ఆర్సీ మార్పించకపోతే ఆ బాధ్యత ఆయప్ప మెడకే.

ఇప్పుడు ఆలోచించు. రాత్రి వచ్చిన కారు ఎవురిది? ఆ పిల్లోడు తాపీ పనికి పోయేవాడు, వాళ్ళింట్లో కారు యాడిది? వచ్చిన నలుగురిలో ఒకాయన ఆ ఆర్సీ ఆయప్పే అయి ఉంటాడని నాకనిపిస్తాంది. ఆయప్పకు ఎవురో లాయరు చెప్పింటాడు, నీ పేరు మీదే వస్తాదని. అందుకే అంత దూరం నుంచి, రాత్రిపూట, ఇరవై వేలు జేబులో పెట్టుకోని వచ్చినారు. బాధ్యత లేనోళ్ళు ఊరికే కారు డీజిలు తగలేసుకోని రారక్కా.

ఎఫ్ఐఆర్‌లో బండి నంబరు సరిగ్గా పడిందా చూసినావా? చూడాల. ఆర్సీలో ఉండే పేరు గూడా కేసు కాయితాల్లో రావాల. ఇంగోటి, ఆ బండి ఇప్పుడు యాడుండాది? స్టేషను ముందరే ఉండాది గదా. అది అక్కడే ఉండాల. ఇన్సూరెన్సు లేని బండి మనిషిని గుద్ది గాయపరిస్తే, ముందు ముందు పడబోయే పరిహారానికి సరిపోయే సెక్యూరిటీ ఓనరు కట్టిందాకా ఆ బండిని వదలకూడదని రూలు. మొదట ఢిల్లీలో ఉండె ఈ రూలు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ పెట్టుకోవాలని చెప్పింది. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం రూల్సులోనే వచ్చింది. మూడు నెలలైనా సెక్యూరిటీ కట్టకపోతే మేజిస్ట్రేటు ఆ బండిని వేలం వేయించి, వచ్చిన దుడ్లు పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కట్టించాల. పాత బండి వేలంలో ఎంత పోతుంది అంటావా? శానా పోదు, నిజమే. కానీ బండి విడిపించుకోవాలంటే సెక్యూరిటీ అడుగుతారని వాళ్ళకు తెలిస్తే, మాట్లాడే తీరే మారిపోతుంది. మనం ఆ తెల్లకాయితం మీద సంతకం చేసిస్తే వాళ్ళు దాన్ని పట్టుకపోయి "రాజీ అయిపోయింది" అని బండి తోలుకపోతారు. ఆ బండి స్టేషను ముందర ఉండేదే మన చేతిలో ఉండే గట్టి పట్టు. అది వదులుకోవద్దు.

నాకు ఇందులో శానా బాధ కలిగించే ముచ్చట ఒకటుండాది. ఆ పిల్లోడు గుద్దేసి, నంబరు కనపడకుండా పారిపోయింటే, ఆ బండి ఎవురిదో ఎప్పటికీ తెలియకపోయింటే, గవర్నమెంటే ఇస్తుంది. హిట్ అండ్ రన్ అంటారు. తీవ్రమైన గాయానికి 50 వేలు, మనిషి పోతే రెండు లక్షలు. 2022 ఏప్రిల్ ముందర ఇది పన్నెండున్నర వేలు, ఇరవై ఐదు వేలే ఉండె, పెంచినారు. ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే విచారించి, కలెక్టరు మంజూరు చేస్తాడు. మనకైతే పెనుకొండ ఆర్డీవో, పుట్టపర్తి కలెక్టరు. కానీ ఈ పిల్లోడు పారిపోలేదు, నిలబడినాడు, బావను ఆటోలో ఎక్కించినాడు గూడా. అందుకే మనకు ఆ ఫండు వర్తించదు, ఓనరు వెనకే తిరగాల. నిలబడినోడు మంచోడు, కానీ వాడు నిలబడినందుకు దెబ్బ తగిలినోళ్ళకు దారి కష్టమైతాంది. ఇది న్యాయం కాదక్కా. ఇంగ్లండులో 1946 నుంచే దీనికి ఒక బ్యూరో ఉండాదంట. ఇన్సూరెన్సు కంపెనీలన్నీ కలిసి దాంట్లో దుడ్లు వేస్తాయి, ఇన్సూరెన్సు లేని బండి గుద్దినా బాధితునికి ముందు ఇచ్చేసి, తర్వాత ఆ నడిపినోని తావ వసూలు చేసుకుంటారు. అమెరికాలో అయితే ఎవురికి వాళ్ళు తమ పాలసీలోనే "ఇన్సూరెన్సు లేనోడు గుద్దితే నాకియ్యాల" అని కట్టుకోవచ్చు. మన దగ్గర ఆ భారమంతా దెబ్బ తగిలినోని నెత్తి మీదే పెట్టినారు. మనకూ ఇంగ్లండు మాదిరి ఒకటి పెట్టేదాకా ఇది మారదు అని నా నమ్మకం.

ఆస్పత్రి ఖర్చుకు మాత్రం ఒక మేలు వచ్చింది. 2025 మే నుంచి కేంద్రం స్కీము ఒకటుండాది. యాక్సిడెంటు అయినప్పటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు ఖర్చు మనం కట్టక్కరలేదు, లిస్టులో ఉండే ఆస్పత్రి అయితే. గుద్దిన బండికి ఇన్సూరెన్సు ఉండాదా లేదా అనే లెక్క లేదు దానికి. బావ ఇంకా ఆ ఏడు రోజుల లోపలే ఉండాడు. ఈ పొద్దే ఆస్పత్రిలో అడుగు, పోలీసుల తావ నుంచి కాయితం కావాలంటే తెప్పించుకుందాము. దాంట్లో రానివి ఎన్టీఆర్ వైద్యసేవలో వస్తాయా అని అదీ అడుగు. వాళ్ళే చెప్తారులే అని గమ్మునుంటే ఎవురూ చెప్పరు.

ఇరవై వేలు తక్కువా ఎక్కువా అని అడిగితివి. ఎట్ల లెక్క కడతారో చెప్తా, నువ్వే చూసుకో. బావకు నలభై రెండేండ్లు గదా. రేష్మి పంటలు, కూలి అన్నీ కలిపి నెలకు పదహైదు వేలు సంపాదిస్తాడని కోర్టు ఒప్పుకుందనుకో. ఏడాదికి లక్షా ఎనభై వేలు. నలభై నుంచి యాభై లోపల వయసు, సొంత పని చేసుకునేవాడు కాబట్టి, ముందు ముందు పెరిగే సంపాదనకని దాని మీద పాతిక శాతం కలుపుతారు. రెండు లక్షల ఇరవై ఐదు వేలు అయింది. కాలు వల్ల సంపాదనలో ఇరవై శాతం శాశ్వతంగా పోయిందనుకుంటే, ఏడాదికి 45 వేలు నష్టం. ఆ వయసుకు సుప్రీంకోర్టు పెట్టిన గుణకం 14. గుణిస్తే ఆరు లక్షల ముప్పై వేలు. దాని పైన ఆస్పత్రి ఖర్చు, పని చేయలేని నెలల కూలి, పక్కన ఉండి చూసుకునే మనిషి ఖర్చు, నొప్పికి వేరే. ఇంతే వస్తుందని నేను చెప్పను. కోర్టు ఎంత సంపాదన ఒప్పుకుంటుందో, ఎంత శాతం అంటుందో దాన్ని బట్టి ఉంటుంది. కానీ ఇరవై వేలకు, ఈ లెక్కకు మధ్య ఉండే దూరం చూడు.

ఆ శాతం విషయంలో ఇంగో సంగతి ఉండాది. డాక్టరు కాలులో ఇంత శాతం లోపమని రాసిస్తాడు. కోర్టు చూడాల్సింది మాత్రం ఆ లోపం వల్ల ఆ మనిషి చేసే పనిలో ఎంత పోయిందని. 2010లో సుప్రీంకోర్టు ఇది వివరంగా చెప్పింది. కుర్చీలో కూచోని లెక్కలు రాసేవానికి కాలు సరిగ్గా మడవకపోతే పని పోదు. అదే ధర్మవరంలో గుంతలో కూచోని కాళ్ళతో తొక్కుతూ పట్టుచీర నేసేవాళ్ళకు అయితే బతుకే పోతుంది. బావ పని గూడా అట్లే గదా. ఆకు మోపు మోయాల, షెడ్డులో తట్టలెత్తి దించాల, గొంతుకూచోని పురుగులకు ఆకు వేయాల. ఇవన్నీ కోర్టులో చెప్పుకోవాల, లేకపోతే ఎవురికీ తెలియదు. ఆడోళ్ళ పని గూడా అంతే. నీకే ఆ దెబ్బ తగిలి ఉంటే, "ఇంట్లో ఉండే మనిషి గదా, సంపాదన యాడిది" అనేవాళ్ళు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపని చేసే ఆడోళ్ళ శ్రమకూ విలువ కట్టాల్సిందేనని చెప్పింది. శానా మందికి ఇంకా ఆ సంగతే తెలియదు.

మన సంపాదన ఇంత అని చూపించేదెట్ల అంటావా? హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో గూళ్ళు అమ్మినప్పుడు ఇచ్చే చీటీలుంటాయి గదా, కిలో ఎంత, ఎన్ని కిలోలు, ఎంత వచ్చింది అని. బావ వాటిని యాడ పెడతాడు? ఆ అటక మీద డబ్బాలోనా? పాతవి గూడా అన్నీ తీయి. బ్యాంకులో దుడ్లు పడినట్ల పాసుబుక్కు గూడా. కూలోళ్ళ మాదిరి నోటి మాట మీద బతికేవాళ్ళకు కోర్టు ఏదో ఒక అంచనా కడుతుంది, అది తక్కువే ఉంటుంది. మనకు చీటీలుండాయి, అది మన అదృష్టం. ఇప్పుడు పురుగులు నాలుగో జ్వరం లేచినాయి, ఆకు కోయనీకె మనుషుల్ని పెట్టినావు గదా, వాళ్ళకిచ్చే కూలి గూడా రాసి పెట్టు, వాళ్ళతో సంతకం చేయించుకో. బావ ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు.

నీ భయం నాకు తెలుసక్కా. "మన టీవీఎస్ ఎక్సెల్‌కూ ఇన్సూరెన్సు లేదు, కేసు అంటే మన మీదికే వస్తాదేమో" అని గదా? బావ గూడా అదే అనుకోని సంతకానికి మొగ్గుతాండాడు. దీనికి నేను గట్టిగా చెప్తా. మన బండికి ఇన్సూరెన్సు లేకపోతే మనకు ఫైను పడొచ్చు. మొదటిసారికి రెండు వేలు, లేదా మూడు నెలల దాకా జైలు గూడా రాసుండాది చట్టంలో. కానీ దాని వల్ల మనకు రావాల్సిన పరిహారం పోదు. తప్పు వాళ్ళదైతే వాళ్ళు కట్టాల్సిందే. లైసెన్సు లేకపోయినా అంతే, లైసెన్సు లేదనే ఒక్క కారణంతో తప్పు నీదే అనకూడదని సుప్రీంకోర్టు చెప్పుండాది. ఈ భయం వల్లనే ఎందరో న్యాయమైన పరిహారం వదులుకుంటాండారు. ఎదుటోళ్ళు గూడా ఈ భయాన్నే వాడుకుంటారు, "మీ బండికీ లేదు గదా, ఇద్దరికీ ఇబ్బందే" అని. రాత్రి గూడా అదే అన్నారా? నేను అనుకుంటి.

కేసు కోసం చిక్కబళ్ళాపురం దాకా తిరగాల్సిన పని లేదు. మనం ఉండే చోటే వేసుకోవచ్చని చట్టంలో ఉండాది. మనకు హిందూపురం అదనపు జిల్లా కోర్టే ట్రిబ్యునల్. మనది సరిహద్దు ఊరు, గౌరీబిదనూరు, మధుగిరి, పావగడ బండ్లు పొద్దున లేస్తే మన రోడ్ల మీదే తిరుగుతాండాయి, అందరికీ ఈ సంగతి తెలియాల. పోలీసులు గూడా యాక్సిడెంటు అయిన 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరంగా రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాల. ఆ వివరమైన రిపోర్టునే అర్జీగా తీసుకోవచ్చు. అయినా మనం దాన్ని నమ్ముకోని కూచోకుండా సొంతంగా వేసుకోవాల, అది గూడా ఆరు నెలల లోపల. 2022 ఏప్రిల్ నుంచి ఆ గడువు పెట్టినారు. దాని మీద సుప్రీంకోర్టులో పోరాటం జరుగుతాంది, కానీ మనం దాని కోసం ఎదురుచూడకూడదు.

దుడ్లు వసూలు అయ్యేదెట్ల అనే ప్రశ్న పెద్దదే. నేను తేలికని చెప్పను. తీర్పు వచ్చినాక ఓనరు కట్టకపోతే ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపిస్తుంది, కలెక్టరు దాన్ని శిస్తు బకాయి మాదిరి వసూలు చేయాల. ఓనరు కర్ణాటకలో ఉన్నా, అక్కడి జిల్లా కలెక్టరుకు పంపి వసూలు చేయించనీకె 1890 నాటి చట్టం ఒకటుండాది. ఆయప్పకు భూమి ఉంటే అదే మనకు ధైర్యం. అందుకే ఆ ఆర్సీ ఆయప్ప పేరు మీద యా ఊర్లో ఎంత భూమి ఉండాదో ఇప్పుడే కనుక్కోవాల. తీర్పు రాకముందే అమ్ముకోకుండా అటాచ్ చేయించేదానికి వీలుందేమో లాయరును అడగాల. ఏండ్లు పట్టొచ్చు. అది నిజం. కానీ పదేండ్ల కష్టానికి భయపడి పది నిమిషాల్లో సంతకం పెట్టకూడదు.

నేను రాజీ వద్దని చెప్పలేదక్కా. ఆ తాపీ పిల్లోని అమ్మ గూడా మన మాదిరి మనిషే. ఆయమ్మను చూస్తే నాకు కడుపులో దేవినట్లయింది. వాళ్ళను కోర్టుల వెంట తిప్పి ఏం సాధిస్తాం? బావ కాలుకు ఆపరేషను అయి, ఎముక అతుక్కున్నాక ఎంత లోపం నిలిచిందో డాక్టరు చెప్పినాక, కోర్టులోనే లోక్ అదాలత్‌లో కూచోని మాట్లాడుకోవచ్చు. అక్కడ జడ్జి ముందర రాసిన రాజీ కోర్టు తీర్పుతో సమానం. తెల్లకాయితం మాదిరి చించి పారేయలేరు. అప్పుడు ఆర్సీ ఆయప్ప గూడా అక్కడ ఉండాల, దుడ్లు "తర్వాత ఇస్తాం" అని కాకుండా డిపాజిటు చేసి ఉండాల. ఇప్పుడు, కాలు బాగైతుందో కాదో తెలియక ముందే, రాజీ ఎట్ల చేసుకుంటావు? ఎంత నష్టమో మనకే తెలియదు గదా.

లాయరుకు ఎంతియ్యాలో అని నువ్వు అడగకముందే చెప్తాండా. మా అన్న వాళ్ళ సారును నేను అడుగుతా. కోర్టులో లీగల్ సర్వీసెస్ కమిటీ ఉండాది, ఆదాయం తక్కువ ఉండేవాళ్ళకు ఉచితంగా లాయరును ఇస్తారు. వచ్చే పరిహారంలో ఇంత శాతం నాకు అని ఎవురన్నా అడిగితే ఒప్పుకోవద్దు, లాయర్లు అట్ల ఫీజు మాట్లాడుకోకూడదని వాళ్ళ రూల్సులోనే ఉండాది.

ఇంగ టైం పోగొట్టుకోవద్దు. వాళ్ళు మళ్ళా వస్తే, "మేము లాయరు తావ మాట్లాడి చెప్తాము" అని ఒకటే మాట చెప్పు, జగడం పెట్టుకోవద్దు, తిట్టొద్దు. అందరూ వినేటట్ల చెప్పు చాలు. బావ ఫోను నీ తావే పెట్టుకో. నేను ఇంట్లో పని ముగించి వస్తా, ఇద్దరం ముందు స్టేషనుకు పోయి ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చుకుందాము, ఆ కాపీ మనకు ఉచితంగా ఇయ్యాల. అట్నుంచి అట్లే హిందూపురం ఆస్పత్రికి పోయి ఆ లక్షన్నర స్కీము అడుగుదాము. మీ షెడ్డులో పురుగుల కాడ మా పిల్లోన్ని కూచోబెడతా, ఆకు వేసేది వానికి వచ్చులే. పో, ఆ గూళ్ళ చీటీల డబ్బా దించి పెట్టు.